హెర్నియా మెష్‌కి టాకర్ తప్పదా? ఒంట్లో పెట్టినవి దేనితో నిలబడతాయి?

గోదారి_గట్టు (రాజమండ్రి) · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 63 ఏళ్లు. ముప్పై ఏళ్లు కిరాణా కొట్టు నడిపారు, బియ్యం బస్తాలు భుజాన మోసిన మనిషి. ఏడాదిగా కుడి గజ్జలో ఉబ్బు వస్తోంది. పడుకుంటే లోపలికి పోతుంది, దగ్గితే మళ్లీ బయటికొస్తుంది. హెర్నియా అన్నారు. లాపరోస్కోపీ చేద్దాం, వచ్చే గురువారం రమ్మన్నారు.

ఎస్టిమేట్ కాగితంలో "మెష్ 15×10" (చిల్లుకి అడ్డంగా లోపల పెట్టే వల అట) అని ఒక లైను, దాని కింద "టాకర్ 1" అని ఇంకో లైను ఉన్నాయి. మెష్ ధరకి టాకర్ ధర ఎన్నో రెట్లు! ఏమిటిది అని కౌంటర్‌లో అడిగితే "లోపల మెష్‌ని బిగించే స్క్రూలండీ" అంది ఆ అమ్మాయి. స్క్రూ అన్న మాట వినగానే నాన్న బెదిరిపోయారు. "గోడకి కొట్టినట్టు నాకు మేకులు కొడతార్రా?" అని రాత్రంతా అదే మాట.

అవి నిజంగా అవసరమా? కుట్లు వేస్తే సరిపోదా? జీవితాంతం లోపల ఉంటే ఏమీ కాదా? తెలిసినవాళ్లు చెప్పండి. మాకు టెన్షన్‌గా ఉంది.

వరంగల్_వేణు · సోమవారం రాత్రి 10:15

అన్నా, ముందు నా సంగతి విను. భయపెట్టడానికి కాదు, నువ్వు సరైన ప్రశ్న అడగాలని చెప్తున్నా.

నాకు 38 ఏళ్లప్పుడు ఎడమ వైపు లాపరోస్కోపీ అయింది. ఆస్పత్రి పేరు రాయను. మూడో రోజు నుంచే తొడ బయటి వైపు మంట మొదలైంది. పచ్చి మిరపకాయ రాసినట్టు. ప్యాంటు గుడ్డ తగిలినా ఓర్చుకోలేకపోయేవాణ్ని. కుట్ల నొప్పి, తగ్గిపోతుంది అన్నారు. రెండు నెలలైనా తగ్గలేదు. బండి మీద కూర్చుంటే పర్లేదు, దిగి నాలుగడుగులు వేస్తే మళ్లీ మంట.

ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తే ఎక్స్‌రే తీశారు. అందులో స్ప్రింగుల్లా చిన్న చిన్న లోహపు ముక్కలు తెల్లగా కనపడ్డాయి, మొత్తం తొమ్మిది. అందులో రెండు బయటి వైపు బాగా కిందికి ఉన్నాయి. "ఇక్కడ నరం పోతుంది బాబూ, ఇక్కడ కొట్టకూడదు" అని స్కెచ్ వేసి చూపించారు. నరానికి మత్తు ఇంజెక్షన్ ఇస్తే నాలుగు రోజులు స్వర్గంలా ఉంది, తర్వాత మళ్లీ అదే. చివరికి మళ్లీ లాపరోస్కోపీ చేసి ఆ రెండింటినీ తీశారు. మంట ముప్పావు వంతు పోయింది. ఇప్పటికీ తొడ మీద అరచేయంత చోట స్పర్శ లేదు.

అందుకే, టాకర్ వేస్తారా లేదా అని అడిగి ఊరుకోవద్దు. ఎక్కడ వేస్తారు అని కూడా అడుగు.

శస్త్ర_కాకినాడ (జనరల్ సర్జన్) · సోమవారం రాత్రి 11:30

వేణు గారూ, మీకు జరిగింది చదివితే బాధేసింది. మీరు చెప్పిన చివరి ముక్క నూటికి నూరు పాళ్లు నిజం. కాస్త వివరంగా రాస్తాను, రేపు ఓపీ లేదు.

గోదారి గట్టు గారూ, మీ నాన్నగారికి ఇలా చెప్పండి. బియ్యం బస్తాకి చిల్లు పడిందనుకోండి. బయటి నుంచి గుడ్డ పెడితే, అంచుల వెంట కుట్టకపోతే బియ్యం నెట్టుకుని బయటికొస్తాయి. అదే గుడ్డని లోపలి నుంచి, చిల్లు కంటే నాలుగు వైపులా బాగా పెద్దదిగా పరిస్తే? బియ్యమే దాన్ని బస్తా గోడకి అదిమి పడతాయి. కోసి చేసే ఆపరేషన్‌లో మెష్ బయటి గుడ్డ. లాపరోస్కోపీలో లోపలి గుడ్డ. కడుపులో ఉండే ఒత్తిడే దాన్ని గోడకి నొక్కి ఉంచుతుంది.

అందుకే కోసి చేసేటప్పుడు సాధారణంగా కుట్లు తప్పవు. అమెరికాలో ఇర్వింగ్ లిక్టెన్‌స్టెయిన్ బృందం 1989లో ప్రచురించిన పద్ధతినే ఇప్పటికీ ఎక్కువమంది చేస్తాం. ప్రోలిన్ దారంతో మెష్ కింది అంచుని గజ్జలో ఉండే ఇంగ్వినల్ లిగమెంట్ అనే గట్టి పట్టీకి వరసగా కుట్టుకుంటూ పోతాం. మధ్యలో, పొత్తికడుపు కింద ముందు వైపు ఉండే ప్యూబిక్ ఎముక దగ్గర మెష్ ఆ ఎముక మీదికి ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కి ఉండాలి. కానీ కుట్టు ఎముక పైపొరలో పడకూడదు. పడితే ఆ నొప్పి ఏళ్ల తరబడి వదలదు. మా ప్రొఫెసర్ గారు చూపుడువేలు పెట్టి "ఇక్కడ సూది గుచ్చావంటే రోగి నిన్ను జన్మంతా తలచుకుంటాడు" అనేవారు. నేను ఆ మాట మరిచిపోలేదు.

లాపరోస్కోపీ సంగతికొస్తే, 2018లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి: పొర బయటే ఉండి చేసే టెప్ పద్ధతిలో దాదాపు ఎవరికీ మెష్ బిగించక్కర్లేదు. చిల్లు మధ్య వైపు నేరుగా వచ్చి, మూడు వేళ్ల వెడల్పో అంతకంటే పెద్దదో ఉంటే మాత్రం బిగించడం మేలు. లేకపోతే మెష్ ఆ చిల్లులోకే జారిపోతుంది. కాబట్టి టాకర్ ఎప్పుడూ దండగ అనీ అనలేం, ఎప్పుడూ తప్పదనీ అనలేం. చిల్లు ఎంతుందో చూడాలి.

ఇక ఎక్కడ వేయాలి అన్నది. గట్టిగా పట్టు దొరికేది ప్యూబిక్ ఎముక మీదుండే కూపర్ లిగమెంట్. అక్కడ ఒకటి రెండు. పైన పొట్ట కండరం వెనక ఒకటి. అంతే. ఇలియోప్యూబిక్ ట్రాక్ట్ అనే తెల్లటి పట్టీ కింద బయటి వైపు అసలు వేయకూడదు. అక్కడ రెండు ముక్కోణాలు ఉంటాయి. ఒకదాంట్లో కాలికి వెళ్లే పెద్ద రక్తనాళాలు ఉంటాయి, దాన్ని ట్రయాంగిల్ ఆఫ్ డూమ్ అంటాం. దాని పక్కనే నరాలుండేది ట్రయాంగిల్ ఆఫ్ పెయిన్. వేణు గారికి వేసిన టాక్స్ (టాకర్ దించే స్క్రూలు) రెండూ పడింది అందులోనే అయ్యుంటుంది. తొడ బయటి వైపు మంట అంటే అక్కడికి వెళ్లే చర్మపు నరమే.

ఒంట్లో మెష్‌ని చివరిదాకా పట్టుకునేది స్క్రూ కాదు, కుట్టూ కాదు. మెష్ రంధ్రాల్లోంచి మన కణజాలం పెరిగి అల్లుకుంటుంది. మొదటి రెండు మూడు వారాల్లోనే పట్టు చాలావరకు వచ్చేస్తుంది. అప్పటిదాకా జారకుండా ఆపడమే బిగించేవాటి పని.

డల్లాస్_పద్మ · మంగళవారం ఉదయం 6:05

డాక్టర్ గారూ, ఇక్కడ టీవీ పెడితే చాలు, "మెష్ పెట్టించుకున్నారా? మాకు ఫోన్ చేయండి" అని లాయర్ల ప్రకటనలు. మెష్ నిషేధించారని మా చుట్టాల్లో సగం మంది నమ్ముతున్నారు. ఇండియాలో మా మావయ్యకి కూడా హెర్నియా ఉంది. ఆయనేమో "అమెరికాలో వద్దన్నది నాకెందుకు" అని ఆపరేషనే వాయిదా వేస్తున్నారు.

శస్త్ర_కాకినాడ · మంగళవారం ఉదయం 8:20

పద్మ గారూ, రెండు వేరు విషయాలు కలిసిపోయాయి. అమెరికాలో మందులనీ వైద్య పరికరాలనీ నియంత్రించే ఎఫ్‌డీఏ 2019 ఏప్రిల్‌లో అమ్మకం ఆపేయమన్నది గర్భసంచి, మూత్రాశయం జారినప్పుడు యోని మార్గం గుండా పెట్టే మెష్‌ని. హెర్నియా మెష్ అది కాదు. కొన్ని కంపెనీల హెర్నియా మెష్‌ల మీద కోర్టు కేసులున్న మాట నిజమే. కానీ మామూలు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ మెష్ ఈ రోజుకీ అక్కడా ఇక్కడా వాడుతూనే ఉన్నాం. మావయ్య గారి ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి నొప్పి వస్తే మాత్రం ఆ రాత్రికి రాత్రే ఆస్పత్రికి వెళ్లాలి. అది గట్టిగా చెప్పండి.

మగ్గం_పోచంపల్లి · మంగళవారం ఉదయం 10:45

నేను నేతవాణ్ని, డాక్టర్ని కాదు. అయినా ఈ చర్చలో నాకూ ఒక సందేహం ఉంది. మా పెదనాన్నకి హెర్నియా ఆపరేషన్ అయినప్పుడు మిగిలిన మెష్ ముక్క చూశాను. చేత్తో పట్టుకుని చూస్తే అచ్చం దోమతెర. మగ్గం మీద నేసింది కాదు, అల్లింది. ఒక చోట కత్తిరించినా పోగు ఊడి రావట్లేదు. ఇదేనా ఒంట్లో పెట్టేది అనిపించింది. దోమతెర గుడ్డకీ దీనికీ తేడా ఏంటి?

ఇంకోటి. మా అమ్మకి ఎనిమిదేళ్ల కిందట గుండె కవాటం మార్చారు, ఆరోగ్యశ్రీలో. "చిత్రా వాల్వ్" అన్నారు. ఆగకుండా కొట్టుకునే గుండెలో దాన్ని దేనితో అతికిస్తారు? మా వృత్తిలో ముడి ఒక్కటి వదులైతే చీర మొత్తం చెడుతుంది. అక్కడ ముడి వదులైతే?

శస్త్ర_కాకినాడ · మంగళవారం మధ్యాహ్నం 1:10

తమ్ముడూ, నీ కన్ను భలే కనిపెట్టింది. దోమతెర అన్నావు, అది నిజంగానే జరిగింది. మహారాష్ట్రలో దొండాయిచా అనే చిన్న పట్టణంలో డాక్టర్ రవీంద్రనాథ్ తోంగావ్‌కర్ అనే సర్జన్ పనిచేశారు. కంపెనీ మెష్ కొనలేని పేదవాళ్ల కోసం దోమతెర గుడ్డని ఉతికి, కత్తిరించి, ఆటోక్లేవ్ చేసి (వేడి ఆవిరితో శుద్ధి చేసి) హెర్నియాకి వాడారు. మరికొందరు సర్జన్లతో కలిసి ఆ ఫలితాలు 2003లో ప్రచురించారు. చాలామంది నవ్వారు, కొందరు తిట్టారు. తర్వాత ఉగాండాలో 302 మంది మగవాళ్ల మీద పద్ధతి ప్రకారం పోల్చి చూశారు, సగం మందికి దోమతెర మెష్, సగం మందికి కంపెనీది. ఏడాది తర్వాత చూస్తే రెంటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ధర చూస్తే దోమతెర ముక్క ఒక డాలరు, కంపెనీది వంద డాలర్ల పైమాట.

ఇది చదివి ఎవరూ బజార్లో దోమతెర కొని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లొద్దు. దోమల మందు పూసినవి అసలే పనికిరావు. ఏ ప్లాస్టిక్ పోగో తేల్చుకుని, శుద్ధి చేసే వేడి దానికి సరిపోతుందో చూసుకుని చేసిన పని అది. అయినా మన దేశంలోని ఒక చిన్న ఊరి సర్జన్ వేసిన ప్రశ్న ప్రపంచమంతా తిరిగొచ్చిందంటే నాకు గర్వంగానే ఉంటుంది.

గుండె కవాటం కుట్టు గురించి నాకంటే బాగా చెప్పగలిగేవాళ్లు ఇక్కడ ఉన్నారు. సిస్టర్ గారూ, మీరున్నారా?

ఓటీ_సిస్టర్_నెల్లూరు · మంగళవారం రాత్రి 10:30

ఉన్నానండీ, ఇప్పుడే డ్యూటీ దిగాను. పదిహేనేళ్లు గుండె ఆపరేషన్ థియేటర్‌లో స్క్రబ్ నర్సుగా (సర్జన్‌కి పరికరాలు అందించే పని) చేశాను. ఇప్పుడు జనరల్ సర్జరీలో ఉన్నాను. పోచంపల్లి తమ్ముడూ, మీ ప్రశ్నకి జవాబు మీకే బాగా అర్థమవుతుంది. ఎందుకంటే ఆ టేబుల్ మీద కనపడేది మగ్గమే.

ముందు ఒక మాట. కుట్టేటప్పుడు గుండె కొట్టుకోదు. గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్-లంగ్ మెషిన్ మీద పెట్టి గుండెని ఆపుతారు. ఎంతసేపు ఆపారో పక్కన గడియారం చెప్తూనే ఉంటుంది, అందుకే అందరి చేతులూ గబగబా కదులుతాయి గానీ ఎవరూ తొందరపడరు.

పాడైన కవాటం తీసేశాక గుండెలో ఒక వలయం మిగులుతుంది. దాని చుట్టూ పాలియెస్టర్ జడ దారంతో కుట్లు వేస్తారు, ఎథిబాండ్ అంటాం. ఒక్కో దారానికి రెండు వైపులా రెండు సూదులు. దారం మధ్యలో బియ్యపు గింజ కంటే కాస్త పెద్ద తెల్లటి గుడ్డ ముక్క ఉంటుంది, దాన్ని ప్లెడ్జెట్ అంటాం. ముడి బిగించినప్పుడు దారం మెత్తటి కండని కోసుకుని పోకుండా ఆ ముక్క ఆపుతుంది. చొక్కాకి బొత్తం కుట్టేటప్పుడు గుడ్డ చిరగకుండా వెనక చిన్న బొత్తం పెడతారే, అలా.

ఇలా పన్నెండు నుంచి పదహారు దాకా కుట్లు. ఒకటి ఆకుపచ్చ, ఒకటి తెలుపు, మళ్లీ ఆకుపచ్చ. రంగు మార్చేది ఏ దారం ఏ దారానికి జతో కలవకుండా ఉండటానికే. ఒక్కో జతని చుట్టూ పెట్టిన చట్రం గాట్లలో వరసగా పెట్టుకుంటూ పోతాం. అన్నీ అయ్యాక చూస్తే గుండె లోంచి పడుగు సాగదీసినట్టు దారాలు నలువైపులా పరుచుకుని ఉంటాయి. నేను వరస తప్పి ఒక్క దారం అందించినా మొత్తం మెలికపడుతుంది. చేరిన కొత్తలో నిద్రలో కూడా "పచ్చ, తెల్ల, పచ్చ" అనుకునేదాన్నట, మా అమ్మ చెప్పేది.

కవాటం చుట్టూ పాలియెస్టర్ గుడ్డ అంచు ఉంటుంది, కుట్టు రింగు అంటారు. కవాటాన్ని గుండె పైన పట్టుకుని ఆ సూదులన్నీ రింగులోంచి తీస్తారు. తర్వాత దారాలన్నిటినీ బిగువుగా పట్టుకుని కవాటాన్ని కిందికి జారుస్తారు. అది వలయంలో కూర్చునే క్షణం ఇన్నేళ్లలో ఎన్ని వందల సార్లు చూశానో, ప్రతిసారీ నా ఊపిరి ఆగేది. ఆ తర్వాత ఒక్కో జతకి ఆరేడు ముళ్లు. నీళ్లతో తడిపిన గ్లవుజు వేలితో ముడిని కిందిదాకా తోయాలి. పైకి లాగితే కండ చిరుగుతుంది.

ముడి వదులైతే ఏమవుతుందంటే, కవాటానికీ గుండె గోడకీ మధ్య సందు పడి రక్తం పక్క నుంచి వెనక్కి కారుతుంది. పారావాల్వులర్ లీక్ అంటారు. ఆయాసం వస్తుంది. ఎర్ర రక్తకణాలు ఆ సందులో చితికి మూత్రం ముదురు రంగులోకి మారొచ్చు. ఎనిమిదేళ్లుగా అమ్మ బాగున్నారంటే కుట్లు బాగానే పట్టాయి. అయినా ఎకో (గుండె స్కాన్) మాత్రం మానొద్దు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎసిట్రోమ్ మాత్ర వేసుకుంటున్నారా? రక్తం గడ్డకట్టే వేగం చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష ఎప్పుడు చేయించారు?

మగ్గం_పోచంపల్లి · మంగళవారం రాత్రి 11:05

అక్కా, చదువుతుంటే కళ్లు తడిశాయి. అమ్మకి ఇంకా చదివి వినిపించలేదు, రేపు వినిపిస్తాను. మాత్ర రోజూ సాయంత్రం ఏడింటికి వేసుకుంటుంది. పరీక్ష మాత్రం ఈసారి రెండు నెలలు లేటైంది. ఈ వారమే భువనగిరి తీసుకెళ్తా.

ఓటీ_సిస్టర్_నెల్లూరు · మంగళవారం రాత్రి 11:12

రేపే తీసుకెళ్లండి తమ్ముడూ. ఈ వారం అనుకుంటే వచ్చే నెల అవుతుంది. పన్ను పీకించాల్సి వచ్చినా ముందు గుండె డాక్టర్‌కి చెప్పాలి. నోట్లోంచి సూక్ష్మజీవులు రక్తంలోకి వెళ్లి ఆ కుట్టు రింగు మీదే కూర్చునే ప్రమాదం ఉంది.

బయోమెడ్_హైద్ · బుధవారం ఉదయం 7:50

వైద్య పరికరాల డిజైన్‌లో పనిచేస్తాను. చిత్రా వాల్వ్ మాటొచ్చింది కాబట్టి రాయకుండా ఉండలేకపోతున్నా. తిరువనంతపురం శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వంలో ఏళ్ల తరబడి కష్టపడి చేసింది అది. మొదట చేసిన నమూనాలు ఫెయిలయ్యాయి. ఒక్కోటీ ఎందుకు విరిగిందో, ఎక్కడ అరిగిందో చూసుకుంటూ మళ్లీ చేశారు. 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. కోబాల్ట్ క్రోమియం లోహపు చట్రం, అందులో వాలుతూ లేస్తూ ఉండే ప్లాస్టిక్ బిళ్ల, చుట్టూ పాలియెస్టర్ అల్లిక రింగు. ఇప్పటికి లక్ష మందికి పైగా పెట్టారు. పోచంపల్లి అన్న వాళ్ల అమ్మగారు వాళ్లలో ఒకరు.

కుట్లు లేకుండా కవాటం నిలబెట్టాలని కూడా మొదటి నుంచీ ప్రయత్నాలు జరిగాయి. అమెరికాలో 1952లో చార్లెస్ హఫ్‌నగెల్ పెట్టిన మొదటి కృత్రిమ కవాటానికి కుట్టు లేదు. గుండెలో కాదు, కిందికి దిగే బృహద్ధమనిలో పెట్టారు. పళ్లున్న నైలాన్ రింగులతో రక్తనాళం గోడని పట్టుకుంది. 1962లో మాగవర్న్, క్రోమీ అనే ఇద్దరు చేసిన కవాటం తిప్పితే చుట్టూ చిన్న కొక్కేలు బయటికొచ్చి వలయంలో దిగేవి. ఆ రోజుల్లో గుండెని ఎక్కువసేపు ఆపి ఉంచడం చాలా ప్రమాదం, కుట్టే సమయం మిగిలితే ప్రాణం మిగిలినట్టే. ఆ కాలంలోనే, 1960లో, ఆల్బర్ట్ స్టార్ కుట్టు రింగు ఉన్న స్టార్-ఎడ్వర్డ్స్ కవాటాన్ని మైట్రల్ (గుండె ఎడమ వైపు రెండు గదుల మధ్య కవాటం) స్థానంలో కుట్టి విజయం సాధించారు. తర్వాత ఎక్కువగా నిలబడింది కుట్టే. ఇప్పుడు ముడికి బదులు దారం మీద చిన్న టైటానియం గొట్టాన్ని నొక్కేసి, అక్కడే దారం కత్తిరించే పరికరాలు వచ్చాయి. చిన్న కోతతో చేసే ఆపరేషన్లలో వేలు లోపలికి పట్టదు, అక్కడ చాలా ఉపయోగం.

ఇక గోదారి గట్టు గారి ప్రశ్న, జీవితాంతం లోపల ఉంటే ఏమవుతుందని. టాకర్లలో రెండు రకాలు. టైటానియంవి స్ప్రింగు ఆకారంలో ఉండి గోడలోకి తిరుగుతూ దిగుతాయి, లోతు నాలుగు మిల్లీమీటర్లకి అటూ ఇటూ. శాశ్వతంగా ఉంటాయి, తుప్పు పట్టవు. టైటానియంని ఎంఆర్ఐ అయస్కాంతం లాగదు, అయినా స్కాన్ చేసేవాళ్లకి ముందే చెప్పాలి. రెండో రకం కరిగిపోయేవి, లాక్టిక్ ఆమ్లం నుంచి తయారైన ప్లాస్టిక్ లాంటివి. నెలల తరబడి మెల్లగా కరిగి, ఏడాదికి దాదాపు ఏమీ మిగలవు. డాక్టర్ గారు చెప్పినట్టు కణజాలం వారాల్లోనే అల్లుకుంటుంది కాబట్టి ఆ పని అయ్యాక వెళ్లిపోయేవే మంచివని నా అభిప్రాయం. కానీ ధర ఇంకా ఎక్కువ. పైగా నరం మీద పడితే కరిగేది కూడా కరిగేదాకా బాధపెడుతుంది.

వరంగల్_వేణు · బుధవారం ఉదయం 9:00

ఆ చివరి వాక్యం అందరూ రెండుసార్లు చదవండి. కరుగుతుంది కదా అని ఎక్కడ పడితే అక్కడ వేస్తే ఏడాది ఎలా గడుస్తుందో నాకు తెలుసు.

మగ్గం_పోచంపల్లి · బుధవారం ఉదయం 9:25

సిస్టర్ అక్క జడ దారం అన్నారు, డాక్టర్ గారు ప్రోలిన్ అన్నారు. ఒకటి పేనింది, ఒకటి ఒంటి పోగు అనుకుంటా. ఎందుకు మార్చి వాడతారు? మాకు పేనిన దారమే గట్టి, ముడి కూడా బాగా పడుతుంది.

శస్త్ర_కాకినాడ · బుధవారం మధ్యాహ్నం 2:40

ముడి బాగా పడుతుందనే గుండెలో పేనిన దారం వాడతారు. ఒంటి పోగు ప్రోలిన్‌కి మొండితనం ఉంటుంది, ప్యాకెట్లో చుట్టిన వంకర పోదు, ముడి జారిపోవాలని చూస్తుంది. అందుకే ఎక్కువ ముళ్లు వేస్తాం. మరి హెర్నియాలో అదే ఎందుకంటే, సూక్ష్మజీవుల వల్ల. పేనిన దారంలో పోగుల మధ్య సందులు పది మైక్రాన్ల కంటే సన్నం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). సూక్ష్మజీవి ఒక మైక్రాన్ ఉంటుంది, దూరిపోతుంది. దాన్ని తినేయాల్సిన మన రక్షక కణం పది మైక్రాన్లు దాటి ఉంటుంది, లోపలికి పోలేదు. అలా దొంగకి ఇల్లు దొరుకుతుంది, పోలీసుకి దారి దొరకదు. మెష్ దగ్గర చీము పట్టిందంటే చాలాసార్లు ఆ మెష్ తీసేయాల్సి వస్తుంది. అందుకే మెష్‌ని పట్టుదారం లాంటి పేనిన దారంతో కుట్టం.

కరిగే దారాల్లోనూ తేడాలుంటాయి. వైక్రిల్ మూడు నాలుగు వారాల్లో బలం కోల్పోతుంది, పీడీఎస్ ఆరు వారాల దాకా నిలబడి ఆరేడు నెలల్లో కరుగుతుంది. నాభి దగ్గరి హెర్నియాలో, కోసిన చోటే వచ్చే హెర్నియాలో లెక్క వేరే. అక్కడ మెష్ మీద లాగుడు ఎక్కువ. లాపరోస్కోపీలో అయితే చిల్లు అంచు దాటి చుట్టూ ఐదు సెంటీమీటర్లు మెష్ పరచాలి, సాధారణంగా బిగించడం తప్పదు. పక్కటెముకల పైన, డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య కండరం) దగ్గర మాత్రం టాక్ వేయకూడదు. అవతలే గుండె ఉంటుంది. టాక్ గుచ్చుకుని గుండె చుట్టూ రక్తం చేరి ప్రాణం మీదికి వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

బయోమెడ్_హైద్ · బుధవారం సాయంత్రం 6:15

పోచంపల్లి అన్నా, మీ వృత్తికీ దీనికీ ఇంకో లంకె చెప్తాను. 1894లో ఫ్రాన్స్ అధ్యక్షుడు సాదీ కార్నోని లియోన్‌లో కత్తితో పొడిచారు. కాలేయానికి వెళ్లే పెద్ద సిర తెగింది. తెగిన రక్తనాళాన్ని కుట్టడం అప్పటికి సర్జన్లకి చేతకాదు, ఆయన చనిపోయారు. అదే ఊళ్లో అలెక్సిస్ కారెల్ అనే కుర్ర వైద్యుడికి అది మనసులో నాటుకుపోయింది. లియోన్ అంటే పట్టు నేతకి పేరు. కారెల్ అక్కడి లెరూదియె అనే ఎంబ్రాయిడరీ పనిచేసే ఆవిడ దగ్గర కూర్చుని సన్నటి సూదులతో కుట్టడం నేర్చుకున్నాడు. 1902లో రక్తనాళాలు కుట్టే పద్ధతి ప్రచురించాడు, 1912లో నోబెల్ వచ్చింది. నాళం గుండ్రటి అంచుని మూడు చోట్ల దారాలతో లాగి ముక్కోణం చేసి, ఒక్కో వైపూ తిన్నగా కుట్టడం ఆయన పద్ధతి. రక్తనాళానికి గుడ్డ గొట్టం అతికించినా, కిడ్నీ మార్పిడి చేసినా ఆ కుట్టులోంచి వచ్చినవే.

మగ్గం_పోచంపల్లి · బుధవారం సాయంత్రం 6:50

ఇది మా సంఘంలో అందరికీ చెప్తాను. మా పిల్లలకి కూడా.

గోదారి_గట్టు · బుధవారం రాత్రి 9:15

అందరికీ చేతులెత్తి దండం. బస్తా సంగతి చెప్పగానే నాన్న మొహం తేలికపడింది. "అలా చెప్పరేం మరి! నేనెన్ని బస్తాలకి లోపల గుడ్డ పెట్టలేదు" అన్నారు. ఇవాళ డాక్టర్‌గారిని కలిసి మూడు అడిగాను. చిల్లు ఏ వైపు, ఎంత పెద్దది? బిగించాల్సి వస్తే ఎక్కడెక్కడ? టాకర్ బదులు కుట్టు వేయొచ్చా? ఆయన కోప్పడలేదు. నేరుగా వచ్చే హెర్నియా, లోపల చూశాకే సైజు తేలుతుంది అన్నారు. ఎస్టిమేట్‌లో టాకర్ ముందుజాగ్రత్తగా రాసిందట. ప్యాకెట్ తెరవకపోతే బిల్లులో వేయం అన్నారు.

ఓటీ_సిస్టర్_నెల్లూరు · బుధవారం రాత్రి 9:40

మంచి డాక్టర్ దొరికారు. ఒకటి గుర్తుపెట్టుకోండి. టాకర్ ఒక్క మనిషికి ఒక్కసారి వాడేది. వాడితే ప్యాకెట్ మీది స్టిక్కర్ మీ కేస్ షీట్‌లో అతికించమనండి. మెష్‌దీ అంతే. లాట్ నంబరు, సైజు, గడువు తేదీ అన్నీ అందులో ఉంటాయి. డిశ్చార్జి రోజున ఒక కాపీ అడిగి తీసుకోండి. వేణు అన్న లాగా మళ్లీ ఎక్కడికైనా వెళ్లాల్సి వస్తే లోపల ఏముందో చెప్పేది ఆ కాగితమే.

వరంగల్_వేణు · బుధవారం రాత్రి 9:52

నా ఫైల్లో అది లేదక్కా. రెండో డాక్టర్ ఎక్స్‌రే చూసి అంచనా వేసుకోవాల్సి వచ్చింది.

గోదారి_గట్టు · శనివారం ఉదయం 11:20

గురువారం ఆపరేషన్ అయిపోయింది. చిల్లు మూడు వేళ్లంత ఉందట. డాక్టర్ గారు లోపలే కూపర్ లిగమెంట్‌కి ప్రోలిన్‌తో రెండు కుట్లు వేశారు. పై అంచుకి ఒకటి. బయటి వైపు ఏమీ వేయలేదని, నేను అడక్కముందే బొమ్మ గీసి చూపించారు. టాకర్ తెరవలేదు, బిల్లులోంచి తీసేశారు. నాన్న నిన్న సాయంత్రమే వార్డులో నడిచారు. తొడ మీద చెయ్యి వేసి రెండు వైపులా ఒకేలా తెలుస్తోందా అని అడిగాను, వేణు అన్న రాసింది గుర్తొచ్చి. తెలుస్తోంది అన్నారు. మెష్ స్టిక్కర్ ఫైల్లో ఉంది, ఫోన్‌లో ఫొటో కూడా తీశాను.

ఆరు వారాలు బరువులెత్తొద్దన్నారు. కొట్టు తమ్ముడు చూసుకుంటున్నాడు. నాన్న మాత్రం ఫోన్‌లో బస్తాలు లెక్కపెడుతూనే ఉన్నారు.

శస్త్ర_కాకినాడ · శనివారం మధ్యాహ్నం 1:30

చాలా సంతోషం. దగ్గినప్పుడు అరచేత్తో ఆ చోట అదిమి పట్టుకోమనండి. మలబద్ధకం రానివ్వొద్దు. ముక్కితే కడుపులో ఒత్తిడి పెరుగుతుంది. వృషణం సంచి కాస్త వాచినా, నీలంగా అయినా కంగారు పడకండి, చాలామందికి వస్తుంది, వారం పది రోజుల్లో తగ్గుతుంది. జ్వరం వచ్చినా, నొప్పి పెరుగుతూ పోయినా అదే రోజు చూపించండి.

మగ్గం_పోచంపల్లి · శనివారం రాత్రి 8:10

అమ్మని గురువారమే తీసుకెళ్లాను సిస్టరక్కా. ఐఎన్‌ఆర్ తక్కువ వచ్చింది, మాత్ర మోతాదు మార్చారు. ఎకోలో కవాటం పక్క నుంచి లీకేమీ లేదన్నారు. మీరు చెప్పాక ఇంట్లో పాత ట్రంకు పెట్టె తెరిచి వెతికితే, చీరల మడతల మధ్య ఆస్పత్రి కార్డు దొరికింది. చిత్రా వాల్వ్, మైట్రల్, సైజు 27, కింద సీరియల్ నంబరు, అమర్చిన తేదీ. అమ్మకి మీరు రాసిందంతా చదివి వినిపించాను. ఆకుపచ్చ, తెలుపు దారాల దగ్గర ఆపమంది. "ఎన్ని కుట్లన్నావు?" అని అడిగింది. పన్నెండు నుంచి పదహారు అన్నాను. కాసేపు గుండె మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఆ కార్డుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి తన మందుల డబ్బాలో పెట్టుకుంది.